మేడమీది బోటనీ లాబ్

కిందటి నెలలో ఒక యూనివర్సిటీ వాళ్లు పిలిస్తే వెళ్లాను. నడవలేని, చూడలేని, వినలేని విద్యార్థుల కోసం అక్కడ ఒక సహాయ కేంద్రం కట్టారు, దాని ప్రారంభోత్సవం. ఇప్పుడు మాలాంటివాళ్లను దివ్యాంగులంటున్నారు. మా రోజుల్లో మొహం మీదే కుంటిది అనేవాళ్లు. కాస్త మొహమాటస్తులైతే "పిల్ల లక్షణంగా ఉంటుంది గానీ, కాలు కొంచెం..." అని అక్కడితో ఆపి కాఫీ తాగేవాళ్లు. నాకు ఏ మాటతోనూ పెద్ద పేచీ లేదు. కేంద్రం చూసుకునే సింధు అనే అమ్మాయి వారం ముందే ఫోన్ చేసి, "మేడం, మీరు మెట్లెక్కిన సంగతి చెప్పాలండీ, పిల్లలకి ఇన్‌స్పిరేషన్‌గా ఉంటది," అంది. ఆ సంగతి నేను చాలా సభల్లో చెప్పాను. చెప్పగా చెప్పగా అది అరిగి నున్నబడింది. చప్పట్లు ఎక్కడ పడతాయో కూడా నాకు ముందే తెలుసు. సభల్లో ఎలాగూ అలాగే చెబుతాను కాబట్టి, అసలు జరిగింది ఇక్కడైనా రాసిపెడదామని కూర్చున్నాను.

మాది ఉయ్యూరు దగ్గర ఊరు. నాన్న పంచదార ఫ్యాక్టరీలో చెరుకు బళ్లు తూచే కాటా దగ్గర గుమాస్తా. చెరుకు ఆడే నెలల్లో ఊరంతా మొలాసిస్ వాసన వేసేది. నాన్న చొక్కాలకీ, మా దిండ్లకీ, ఆఖరికి తోడుపెట్టిన పెరుగుక్కూడా ఆ వాసన పట్టుకుందని అమ్మ సణిగేది. నాకు నడక వచ్చి ఏడాది తిరక్కుండానే జ్వరం వచ్చి ఎడమకాలు పడిపోయింది. అమ్మ రోజూ సాయంత్రం నువ్వులనూనె వెచ్చబెట్టి ఆ కాలికి మర్దనా చేసేది. మిగతా వాటన్నిటికీ మా ఇంట్లో ఉన్న ఏర్పాటు ఒక్కటే, ఎత్తుకోవడం. పెళ్లికైనా, సినిమాకైనా, తిరనాళ్లకైనా ఎవరో ఒకరు నన్ను చంకనేసుకుని బయల్దేరేవాళ్లు. చిన్నతనంలో అదొక హోదాగానే ఉండేది, జనంలో అందరికంటే ఎత్తున ఉండి అన్నీ చూసేదాన్ని. పెద్దమనిషినయ్యాక చిక్కొచ్చిపడింది. నన్ను ఎవరు ఎత్తుకోవచ్చు, ఎవరు కూడదు అన్నది మా నాయనమ్మ ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి తేల్చింది. నాన్న ఎత్తుకోవచ్చు, బాబాయి ఎత్తుకోవచ్చు. మేనమామ మాత్రం కూడదు, వరసైనవాడు. అప్పటిదాకా నన్ను అందరికంటే ఎక్కువ మోసింది ఆయనే. ఆ తీర్పు విని పాపం ఆయన బిక్కమొహం వేశాడు. ఆ తర్వాత నాన్నా బాబాయీ ఇద్దరూ డ్యూటీలో ఉన్న రోజుల్లో ఊళ్లో ఎంత పెద్ద పెళ్లి జరిగినా నేను ఇంట్లోనే ఉండేదాన్ని.

కొన్నాళ్లకి విజయవాడ ఆస్పత్రిలో కాలిపర్ ఇచ్చారు. రెండు ఇనప చువ్వలు, తోలు పట్టీలు, అడుగున ఒక బరువైన బూటు. దాంతో, చంకలో ఒక కర్రతో చదునుగా ఉన్న నేల మీద నడవగలిగేదాన్ని. మోకాలి దగ్గర కీలు విరిగితే ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే షెడ్డుకి పట్టుకెళ్లేవాళ్లం. వాళ్లు దాన్ని అతికి, లారీలకి పూసే గ్రీజే దానికీ పూసి ఇచ్చేవాళ్లు. అందుకని నా చీరలన్నిటికీ ఎడమవైపు అంచు నల్లగా ఉండేది. నడక వచ్చింది గానీ మెట్లు మాత్రం రాలేదు.

ఆడుకోవడానికి వెళ్లలేని పిల్లకి మా నాయనమ్మ కనిపెట్టిన వ్యాపకం కత్తిపీట. పొద్దున్నే నన్ను వంటింటి గుమ్మం పక్కన కూర్చోబెట్టి కూరగాయల బుట్ట ముందు పెట్టేది. దొండకాయైనా ఆనపకాయైనా అంతగా పట్టించుకునేది కాదు గానీ, అరటికాయ వేపుడు ఆమెకి ప్రాణం. వేపుడు ముక్క ఎంత పల్చగా ఉండాలంటే, దాన్ని గుమ్మంలో ఎండకి ఎత్తి చూస్తే అవతలి వెలుతురు తెలియాలి. తెలియకపోతే, "ఇదేం కోతే, చెప్పు అట్టలాగుంది," అని ముక్కని నా మీదికే విసిరేది. ఆమె ఆయాసపడుతూ, ముక్కుపొడుం పీలుస్తూ, నా చేతులకేసి రెప్పవేయకుండా చూస్తూ కూర్చునేది. అలా నాకు కాళ్లకి రావలసిన నేర్పు కూడా చేతులకే వచ్చింది.

ఇంటర్ పాసయ్యాక విజయవాడలో బియస్సీ చదువుతానన్నాను. నాన్న ఏ సంగతీ వెంటనే తేల్చేవాడు కాదు. కాటా ముల్లు కుదురుకునేదాకా ఆగడం ఆయనకి ఇంట్లో కూడా అలవాటే. చివరికి ఒక ఆదివారం అన్నం తింటూ చెప్పాడు.

"ఒక్క ఏడాది చూద్దావమ్మా. ఫస్టియర్ పరీక్షలన్నీ పాసైతే సరే, చదువుకో. తప్పావనుకో, మారు మాట్లాడకుండా ఇంటికొచ్చెయ్. చేతి మిషను కొనిపెడతా, జాకెట్లు కుట్టుకుంటా మా కళ్లముందే ఉందువు గాని."

కాలితో తొక్కే మిషను నేను తొక్కలేను కాబట్టి చేతి మిషను. ఆయన అంత దూరం ఆలోచించి పెట్టుకున్నాడని తెలిశాక నాకు గుండె జారిపోయింది. నా మీద కోపంతో అన్న మాటైతే ఎదురు చెప్పేదాన్ని. అది ప్రేమతో అన్న మాట, దానికి ఎదురు చెప్పడం నాకు చేతకాలేదు. ఆ ఏడాదంతా ఏం చదివినా ఆ కుట్టుమిషను నా కళ్లముందు నిలబడే ఉండేది.

కాలేజీలో బోటనీ చెప్పే గ్రేసమ్మ గారు నన్ను తన ఇంట్లో ఉంచుకోవడానికి ఒప్పుకున్నారు. నాన్నతో పాటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయనకి ఆమె చుట్టం. ఆమె, వాళ్లమ్మగారు, ఇద్దరే, కాలేజీ వెనక వీధిలో పెంకుటింట్లో అద్దెకుండేవాళ్లు. క్రైస్తవుల ఇంట్లో తిండి ఏమిటని నాయనమ్మ మొదట ససేమిరా అంది. తర్వాత తానే బస్సెక్కి వచ్చి, వాళ్ల వంటిల్లంతా తిరిగి చూసి, బోర్లించిన గిన్నెలు ఒక్కొక్కటే తిప్పి చూసి, "మనకంటే బాగానే తోముతున్నారు," అంది. వెళ్తూ వెళ్తూ గ్రేసమ్మ గారి అమ్మగారితో, "నీసు వండిన రోజున దానికింత పెరుగన్నం పెట్టండమ్మా," అని చెప్పింది. ఆవిడ "అట్టాగేనండీ," అన్నారు. నెల తిరక్కుండా నేను ఆదివారం కోడికూర కోసం శనివారం నుంచీ ఎదురుచూసే స్థితికి వచ్చాను. ఆ కబురు మాత్రం ఉయ్యూరు దాకా వెళ్లలేదు. రాత్రి అన్నాలకి ముందు ఆ ఇంట్లో ప్రార్థన ఉండేది. అమ్మగారు కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ బిడ్డ కాలు..." అని మొదలుపెట్టగానే గ్రేసమ్మ గారు కళ్లు తెరవకుండానే, "కాలు సంగతి వదిలెయ్యమ్మా, బోటనీ మార్కులు అడుగు," అనేవారు. నా గురించి ఎవరైనా అడిగిన ప్రార్థనల్లో నాకు నచ్చింది అదొక్కటే.

కాలేజీలో క్లాసు గదులూ మిగతా లాబులూ కిందే ఉండేవి. బోటనీ లాబ్ ఒక్కటే మేడమీద. అక్కడ వెలుతురు బాగుంటుందని ఎప్పుడో ఎవరో అక్కడ పెట్టారు. మెట్లు ఇరుకు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. నేను చేరిన వారంలోనే గ్రేసమ్మ గారు ఉపాయం ఆలోచించారు. మెట్ల కింద సైకిళ్లు పెట్టుకునే వసారాలో ఒక బల్ల వేయించారు. ప్రాక్టికల్స్ ఉన్న రోజున పైనుంచి ఒక మైక్రోస్కోపు, ఆ రోజు కోయవలసిన కాడలు, రంగు సీసా, బ్లేడు కిందికి వచ్చేవి. మోసుకొచ్చేది నాగమణి, నా క్లాసే. వాళ్లది బందరు అవతల సముద్రం ఒడ్డు ఊరు, వాళ్ల నాన్న వేటకి వెళ్లేవాడు. దానికి మైక్రోస్కోపు అంటే ఏమీ భయం లేదు, చేపల గంప మోసినంత ధీమాగా నడుముకి ఆనించుకుని దిగేది. పైనా కిందా తిరగడం వల్ల దాని పని సగంలో ఆగిపోయేది. ఆ సగాన్ని నేను కోసి ఇచ్చేదాన్ని. కాడని బెండులో ఇరికించి, బ్లేడుతో పొరలు పొరలుగా కోసి, వాటిల్లో పల్చని దాన్ని ఏరుకుని, ఎర్రరంగు వేసి గాజుపలక మీద పెట్టి చూడాలి. నాయనమ్మ ముందు ఏళ్ల తరబడి కోసినదానికి నాకిది కష్టంగా ఉండేది కాదు. ఆ ఏడాది సైకిళ్ల మధ్య కూర్చుని నేను ఆముదపు కాడలో, గుర్రపుడెక్క కాడలో చూసినంత అందం ఇంకెక్కడా చూడలేదు. ఇది అతిశయోక్తిగా అనిపించవచ్చు, అయినా నిజం.

ఎండలు ముదిరాక ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. పరీక్ష చెయ్యడానికి వేరే ఊరి కాలేజీ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. ఖద్దరు చొక్కా, చేతిలో గొడుగు, మాట మెత్తన. నా బల్ల చూసి, గ్రేసమ్మ గారు చెప్పిందంతా ఓపిగ్గా విని, తల అడ్డంగా ఊపారు.

"రూలు ప్రకారం పరీక్ష లాబ్‌లోనే జరగాలమ్మా. కింద రాయించానంటే రేపు నా ఉద్యోగం మీదికొస్తుంది. అమ్మాయిని పైకి తీసుకొచ్చే ఏర్పాటు చూడండి."

గ్రేసమ్మ గారు ఇంకా ఏదో చెబుతుండగా ప్రిన్సిపాల్ గారు వచ్చారు. ఆయన మంచివాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఒక్క క్షణం ఆలోచించి, మొహం వెలిగించుకుని, "ఓస్, ఇంతేనా," అంటూ అటెండరుని నాటకాల సామాను గదికి పంపారు. అయిదు నిమిషాల్లో నలుగురు కుర్రాళ్లు సింహాసనం మోసుకొచ్చారు. వార్షికోత్సవానికి వేసే పౌరాణిక నాటకాల్లో రాజులు కూర్చునే సింహాసనం అది. నాలుగువైపులా పట్టుకోవడానికి వీలున్న గట్టి కుర్చీ కాలేజీ మొత్తానికి అదొక్కటేనట. చేతుల చివర చెక్క సింహాలు, ఒక సింహానికి ముక్కు లేదు. వీపు వెనక బంగారు కాగితం అంటించిన సూర్యుడు, ఆ సూర్యుడికి అటూ ఇటూ రంగు బల్బులు.

"కూర్చోమ్మా, నిమిషంలో పైనుంటావు," అన్నారు ప్రిన్సిపాల్ గారు, ఎంతో ఆదరంగా.

వసారా నిండా జనం. ఆ వేళకి ఇంకో లాబ్‌లో పరీక్ష రాయవలసినవాళ్లు కూడా అక్కడే చేరారు. వెనక నుంచి ఎవడో, "ఊరేగింపు బయల్దేరిందిరోయ్," అన్నాడు. కొందరు నవ్వారు, అందులో దుర్మార్గం ఏమీ లేదు, ఆ సింహాసనం చూస్తే నాకైనా నవ్వొచ్చేదే. ఆ నలుగురు కుర్రాళ్లకేసి చూశాను. నాయనమ్మ తీర్పు ప్రకారం వాళ్లలో ఒక్కడూ పనికిరాడు. కానీ అప్పుడు నాకు తట్టింది అది కాదు. గ్రీజు అంచు చీరతో, ముక్కు లేని సింహం మీద చెయ్యి వేసుకుని, సూర్యుడి కింద కూర్చుని ఆ మెట్ల మీద తేలుతూ పోవడం నా వల్ల కాదనిపించింది. సిగ్గు, వట్టి సిగ్గు. అంతకుమించి ఏ ఆశయమూ నా బుర్రలో లేదు.

"ఎక్కవే తల్లీ, టైమైపోతంది," అంది నాగమణి నా చెవిలో.

"ఎక్కను."

"మరెట్టా ఎల్తావే పైకి? పరీక్ష పోద్ది, మీ నాన్న మిషను కొనేస్తాడు."

"కూర్చుని ఎక్కుతా."

కర్ర దాని చేతికిచ్చి మొదటి మెట్టు మీద మెట్లకి వీపు పెట్టి కూర్చున్నాను. రెండు చేతులూ వెనక మెట్టు మీద ఆనించి, ఒళ్లు పైకి లేపి, ఆ మెట్టు మీద కూర్చోవడం. తర్వాత కాలిపర్ ఉన్న కాలు లాక్కోవడం. అది మెట్టు అంచుకి తగిలి ప్రతిసారీ ఖణేలుమనేది. సగం దాకా బాగానే వెళ్లాను. ఆ తర్వాత మణికట్లు వణకడం మొదలైంది, చెమటకి అరచేతులు జారాయి. కిందికి చూస్తే జనమంతా మొహాలెత్తి నిలబడి ఉన్నారు. సింహాసనం మోసిన కుర్రాళ్లు దాన్ని దించకుండా అలాగే పట్టుకుని నిలబడ్డారు, మనసు మార్చుకుంటానేమోనని. నాగమణి నాకు రెండు మెట్లు కింద, కర్ర పట్టుకుని, నేను జారితే ఆపడానికి చేతులు చాపుకుని ఎక్కుతోంది. దాని మొహంలో భయం చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఎక్కాను. సభల్లో ఈ ముక్క చెప్పను.

పైకి చేరేసరికి చీర వెనకంతా మట్టి, అరచేతులు గీరుకుపోయాయి. పెద్దాయన నాకు కేటాయించిన బల్ల చూపించారు. టైము పెంచలేదు, తగ్గించనూ లేదు. చేతులు వణుకుతుంటే బ్లేడు పట్టుకోవడానికి కాసేపు ఆగవలసి వచ్చింది. ఆగాక కోశాను. ఆయన మైక్రోస్కోపులోంచి చాలాసేపు చూసి, తలెత్తి, "ఇంత పల్చగా కొయ్యడం ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నారు.

"ఇంట్లోనండీ. అరటికాయ వేపుడికి."

ఆయన నవ్వలేదు, మార్కులు వేసుకుని పక్క బల్ల దగ్గరికి వెళ్లారు. ఆ ఎండాకాలం ఫలితాలు వచ్చాయి. నాన్న కుట్టుమిషను ఊసు మళ్లీ ఎత్తలేదు. నేను బియస్సీ చదివాను, ఎమ్మెస్సీ చదివాను, ఉద్యోగకాలమంతా బోటనీ పాఠాలు చెబుతూ మిగిలిన తీరికలో కథలు రాసుకున్నాను. కాబట్టి ఆ రోజు నా జీవితాన్ని నిలబెట్టిందంటే తప్పేమీ లేదు.

అయితే రెండో ఏడాది కాలేజీ తెరిచాక వసారాలో నా బల్ల కనిపించలేదు. అక్కడ మళ్లీ సైకిళ్లు పెట్టారు. వెళ్లి అడిగితే ప్రిన్సిపాల్ గారు మురిపెంగా నవ్వి, "ఇంకా బల్లెందుకమ్మా, బ్రహ్మాండంగా ఎక్కుతున్నావుగా," అన్నారు. గ్రేసమ్మ గారు గట్టిగానే పోట్లాడారు గానీ ఆ నెలలోనే ఆమెకి గుంటూరు బదిలీ అయింది. మిగిలిన రెండేళ్లూ ప్రాక్టికల్స్ ఉన్న ప్రతి రోజూ నేను అలాగే కూర్చుని ఎక్కాను, కూర్చుని దిగాను. ఒక పాత దుప్పటి ముక్క సంచిలో పెట్టుకుని తీసుకెళ్లేదాన్ని, చీర మాయకుండా. కోపం వచ్చేది, ఎవరి మీద పడాలో తెలిసేది కాదు. గర్వం కూడా ఉండేది, అబద్ధం ఎందుకు. వార్షికోత్సవంలో ప్రిన్సిపాల్ గారు నన్ను స్టేజీ ముందు కూర్చోబెట్టి సంకల్పబలం గురించి మాట్లాడారు. ఆయన చెప్పిన కథలో సింహాసనం లేదు. నేనూ దాన్ని మళ్లీ కలపలేదు.

ఇప్పుడీ కేంద్రం చూస్తే కళ్లు చెదిరాయి. గుమ్మం నుంచి లోపలి దాకా ఎక్కడా మెట్టు తగలదు. లిఫ్టు, తెర మీది అక్షరాలు చదివి వినిపించే కంప్యూటర్లు, చూపులేని పిల్లలకి పరీక్ష రాసిపెట్టేవాళ్లని కుదిర్చే ఒక గది. చక్రాల కుర్చీలో ఒక అమ్మాయి సింధుని నిలదీస్తోంది, "లిఫ్టు తలుపు ఊరికే మూసుకుపోతందని మూడోసారి చెప్తన్నా మేడం, ఎప్పుడు బాగుచేయిస్తారు?" అని. లిఫ్టు కంటే ఆ గొంతు నాకు ఎక్కువ ముచ్చటగా ఉంది. మాకు సాయమంటే ఎవరో దయతలచి చేసేది. అది ఆగిపోతే ఎందుకాగిందని అడగడానికి మాకు నోరు పెగిలేది కాదు, అడగొచ్చని తెలియను కూడా తెలియదు. గ్రేసమ్మ గారు ఉన్నన్నాళ్లే నాకు బల్ల ఉంది, ఆమెతోపాటు అదీ వెళ్లిపోయింది. ఈ పిల్లకి మాత్రం గ్రేసమ్మ గారు ఉన్నా లేకపోయినా లిఫ్టు ఉంటుంది.

సభలో మెట్ల సంగతి చెప్పాను, చప్పట్లు పడవలసిన చోటల్లా పడ్డాయి. అంతా అయి జనం టిఫిన్ల వైపు వెళ్లాక, చివరి వరసలోంచి నా వయసుకి కాస్త అటూ ఇటూగా ఉన్న ఒకామె రెండు చంక కర్రల మీద నిదానంగా వచ్చింది. ఆమె మనవడు ఇక్కడే చదువుతున్నాడట, ఆ అబ్బాయికి చెవులు వినపడవు. పేరు రత్నకుమారి, చల్లపల్లి దగ్గర ఊరు అని చెప్పింది.

"మీరు నన్నెరగరండీ. మీరు పాసై వెళ్లిన మరుసటేడు ఆ కాలేజీలోనే చేరా, బియస్సీలోనే. నాకు రెండు కాళ్లూ పోలియోనే, కుడిచెయ్యి కూడా కొంచెం పట్టు తక్కువ."

నేను పక్క కుర్చీ చూపించాను. కూర్చుంది.

"మైక్రోస్కోపు కిందికి తెప్పించమని అడిగానండీ. అడిగితే, మన కాలేజీలోనే ఒకమ్మాయి కూర్చుని ఎక్కేది, రోజూ ఎక్కేది, నువ్వెందుకు ఎక్కలేవు అన్నారు. రెండుసార్లు ఎక్కబోయానండీ. రెండోసారి పడ్డా. మా నాన్న వచ్చి తీసుకెళ్లిపోయాడు."

ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. పేరంటంలో పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడింది. నేను సింహాసనం సంగతంతా చెప్పాను, ఎవరికీ చెప్పనిది. ముక్కు లేని సింహం దగ్గర ఆమె నవ్వింది కూడా.

"అయితే దాంట్లో కూర్చుని ఉంటే ఏమయ్యేదండీ మీకు?"

"ఏమవుతుంది, పరువు పోయేది."

"అంతేగదండీ," అంది రత్నకుమారి. "నాకు చదువే పోయింది."

తప్పు నాది కాదని నాకు తెలుసు. ఆమెకీ తెలుసు, అందుకే అంత మామూలుగా చెప్పగలిగింది. అయినా ఆ మాట విన్నాక నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. ఇద్దరం కలిసి బయటికి నడిచాం. కేంద్రం గుమ్మం పక్కన, సాయం కోసం వచ్చే పిల్లలు ముందుగా చూసే గోడ మీద ఒక పెద్ద బోర్డు పెట్టారు. నేను లోపలికి వచ్చేటప్పుడు దానిమీద పూలదండలు ఉండటంతో చూడలేదు. మెట్లు, వాటి మీద ఒక అమ్మాయి బొమ్మ, కింద నా పేరు, ఆ కింద "ఆమె ఎక్కింది. మీరూ ఎక్కగలరు" అని పెద్ద అక్షరాలు. రత్నకుమారి దాన్ని మెల్లగా పైకే చదివింది. నేను సింధుని పిలిచాను.

"ఇది తీయించమ్మా."

"అయ్యో, ఎందుకు మేడం? మీకోసమే స్పెషల్‌గా చేయించాం. పిల్లలకి ఎంత ధైర్యం..."

"రేపు నీ లిఫ్టు పాడైపోయిన రోజున, బాగుచేయించమని ఎవరైనా అడిగితే, ఇదే చూపిస్తారు."

సింధు నాకేసి చూసింది, రత్నకుమారికేసి చూసింది. సభ కాగానే తీస్తామంది. సభ అయిపోయిందన్నాను. ప్రిన్సిపాల్ గారి ఆదరమే ఆ పిల్ల కళ్లలోనూ ఉంది, దాన్ని చిన్నబుచ్చడం నాకు కష్టంగానే తోచింది. అయినా నా కారు వచ్చి ఆగినా నేను కదల్లేదు. చివరికి సింధు లైట్లు బిగించే మనిషిని నిచ్చెనతో పిలిపించింది. అతను పైకెక్కి మేకులు ఒక్కొక్కటే ఊడదీసి, రెండు చేతులతో బోర్డు లాగాడు. రాలేదు.

"పైన కుడిపక్కన ఇంకోటుంది చూడు బాబూ," అంది రత్నకుమారి, ఒక కర్ర ఎత్తి చూపిస్తూ.